మలయ్ ఇల్లు పాలమూరు బడికి వస్తే: ఒక బోధనోపకరణంపై సమీక్ష

పర్యావరణ విద్య పేరుతో పాఠశాలలకు చేరుతున్న సామగ్రిలో ఎక్కువ భాగం గోడకు తగిలించే చార్టులు, తడి చెత్త పొడి చెత్త బుట్టల బొమ్మలు, మొక్కలు నాటమని చెప్పే నినాదాలే. వాటికి భిన్నమైన ఒక కిట్‌ను మహబూబ్‌నగర్ జిల్లాలోని మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల హరిత దళం కోసం కొన్నాం. మలేషియా గ్రామాల్లోని సంప్రదాయ మలయ్ ఇంటిని విద్యార్థులు తమ చేతులతో విప్పి మళ్లీ నిలబెట్టగలిగే చెక్క నమూనాగా తయారుచేసి, దాని ఆధారంగా గాలి, వెలుతురు, వాన, కలప, మనుషుల అవసరాలను గురించి పాఠాలు చెప్పించడం ఈ కిట్ ఉద్దేశం. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులతో వాడి చూసిన తరువాత దాని మంచిచెడ్డలను ఇక్కడ రాస్తున్నాను. లోపాలను తయారీదారులకు విడిగా తెలియజేశాను కనుక సంస్థ పేరు ప్రస్తావించడం లేదు. ఇటువంటి ఉపకరణాన్ని కొనదలచిన ఉపాధ్యాయులకు పేరు కన్నా, అందులో ఏముండాలో, ఏది లేకపోతే పాఠం దారి తప్పుతుందో తెలియడమే ముఖ్యం.

పెట్టెలో అడుగున్నర పొడవుండే ఇంటికి కావలసిన స్తంభాలు, దూలాలు, నేల పలకలు, గోడ పలకలు, కిటికీలు, మెట్లు, పైకప్పు భాగాలు, స్తంభాల కింద పెట్టే చిన్న రాతి దిమ్మెలు, రెండు ఉష్ణమాపకాలు, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ అచ్చయిన ఒక చేతిపుస్తకం ఉన్నాయి. ధర రూ. 3,000కు కొంత పైన పడింది. ప్రభుత్వ పాఠశాలకు ఇది చిన్న మొత్తం కాదు. అయితే తరగతిని గుంపులుగా విడదీసి వంతుల వారీగా పని ఇస్తే ఒక్క కిట్ సరిపోతుంది.

ఈ కిట్‌లో అన్నిటికన్నా బాగున్నది ఇంటిని నిలబెట్టే క్రమం. ఎక్కడా ఇనుప మేకు లేదు, జిగురు లేదు. ఒక కర్ర మొనను మరో కర్రలో తొలిచిన రంధ్రంలో దూర్చి, చిన్న చెక్క చీలతో బిగించాలి. అసలు మలయ్ ఇళ్లను కట్టే పద్ధతీ ఇదే. ముందుగా 'తియాంగ్ సెరి' అనే ప్రధాన స్తంభాన్ని నిలబెడతారు. మలయ్ గ్రామాల్లో దానికి ఒక శుభకార్యం కూడా జరిగేదని చేతిపుస్తకం చెప్పగానే, మా విద్యార్థులకు ద్వారబంధం ఎత్తే రోజు పసుపు కుంకుమలు పెట్టి, మామిడాకులు కట్టి, కొబ్బరికాయ కొట్టడం గుర్తుకొచ్చింది. స్తంభాలను మాత్రం భూమిలో పాతరు. రాతి దిమ్మెల మీద ఊరకే నిలుపుతారు. ఇంటి బరువే దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. నేల తేమ, చెదలు కర్రకు అంటకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. చెదలు అనే మాటకు పాలమూరులో వివరణ అక్కరలేదు కనుక, ఈ పాఠం తరగతిలో ఎవరూ విడమరచి చెప్పకుండానే అర్థమైంది.

చీలలు ఊడదీస్తే ఇల్లు విడిపోతుంది, విడిపోయిన ఇంటిని మరో చోట మళ్లీ నిలబెట్టవచ్చు. ఇది బొమ్మ ఇంటికే పరిమితమైన సదుపాయం కాదని చేతిపుస్తకం ఉదాహరణలతో చూపడం మెచ్చుకోదగినది. కెడా రాష్ట్రంలోని ఒక పల్లెలో 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఒక గ్రామాధికారి కట్టించిన ఇంటిని 1990ల మధ్యలో మలేషియా వారసత్వ ట్రస్టు విప్పించి, కౌలాలంపూర్ నగరం నడిబొడ్డుకు తరలించి, మరమ్మతు చేయించి నిలబెట్టింది. 'రుమా పెంగులు అబు సెమాన్' అనే పేరుతో ఆ ఇల్లు సందర్శకులకు పరిచితం. విప్పకుండానే ఇంటిని భుజాలకెత్తుకుని ఊరంతా కలిసి మోసుకుపోయే ఆచారం కూడా మలయ్ గ్రామాల్లో ఉంది. నెగెరి సెంబిలాన్ రాష్ట్రంలో 1908లో పూర్తయిన శ్రీ మెనాంతి రాజభవనం 99 స్తంభాల మీద మేకులు లేకుండా నిలిచింది. కౌలా కాంగ్సార్‌లో 1926లో కట్టిన ఇస్తానా కెనాంగాన్ అనే రాజభవనం గోడలు వెదురు అల్లికతో చేసినవి. ఈ నాలుగు ఉదాహరణల తరువాత ఒక ఎనిమిదో తరగతి విద్యార్థిని, మన స్లాబు ఇంటిని విప్పితే ఏమొస్తుందని అడిగింది. విరిగిన కాంక్రీటు, వంకరపోయిన ఇనుము తప్ప మరేమీ రాదు. ఆ సమాధానం చెప్పింది హైదరాబాదులో కూల్చివేత పనులకు వెళ్లే కుటుంబంలోని మరో విద్యార్థి. మట్టి పనికీ భవన నిర్మాణానికీ వలస వెళ్లే కుటుంబాలు ఎన్నో ఉన్న ఈ ప్రాంతంలో, కట్టడం గురించి తరగతి గదిలో ఉపాధ్యాయుడి కన్నా ఎక్కువ తెలిసిన పిల్లలు ఉంటారన్న సంగతిని ఏ చేతిపుస్తకమూ లెక్కలోకి తీసుకోదు.

కొలతల పాఠం కూడా చక్కగా ఉంది. మలయ్ ఇంటిని సంప్రదాయంగా ఇల్లాలి బార, మూరలను బట్టి కొలుస్తారు. ఇంట్లోని ప్రధాన భాగాన్ని 'రుమా ఇబు', అంటే తల్లి ఇల్లు, అని పిలుస్తారు. చేతిపుస్తకం విద్యార్థులను తమ సొంత బారను దారంతో కొలుచుకోమంటుంది. మేము దాన్ని కొద్దిగా మార్చి, ఇంటికి వెళ్లి అమ్మ బారను కొలిచి, వంటగది ఎన్ని బారలుందో రాసుకురమ్మన్నాం. వంటగది అమ్మ రెండు చేతులు చాచలేనంత ఇరుకుగా ఉండి, ముందుగది మాత్రం విశాలంగా ఉన్న ఇళ్లు ఎన్నో బయటపడ్డాయి. మనిషి కొలతకు మించి కట్టిన గది అదనపు ఇసుకను, సిమెంటును, ఇటుకను తింటుందనే పర్యావరణ పాఠం ఇందులో ఉన్నమాట నిజమే గానీ, ఆ రోజు తరగతిలో చర్చ ఎక్కువగా సాగింది ఇంట్లో ఎవరికి ఎంత చోటు దక్కుతుందన్న విషయం మీదే. దాన్ని అడ్డుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు.

గాలి పాఠం ఈ కిట్‌కు గుండెకాయ వంటిది. మలయ్ ఇంటి కిటికీలు నేల వరకూ దిగుతాయి, ఎందుకంటే అక్కడ కూర్చునేదీ పడుకునేదీ నేల మీదే కనుక గాలి ఆ ఎత్తులోనే తగలాలి. గోడల పైభాగంలో చెక్కిన జాలీ పలకలుంటాయి. పైకప్పు రెండు కొసల్లోని త్రికోణాకారపు అడ్డు పలకలను 'తెబార్ లాయర్' అంటారు. వాటి సందుల్లోంచి కప్పు కింద చేరిన వేడి గాలి బయటికి పోతుంది. అడ్డుగోడలు తక్కువ. ఇల్లు స్తంభాల మీద ఎత్తుగా ఉండడం వల్ల నేలకు దగ్గరగా ఉండే గాలి కన్నా కొంచెం చురుకైన గాలి లోపలికి అందుతుంది, నేల పలకల సందుల్లోంచి కూడా గాలి పైకొస్తుంది. ఈ మొత్తాన్ని చేతిపుస్తకం ఒక అగరుబత్తితో చూపిస్తుంది. ఇంటి కింద అగరుబత్తి వెలిగించి, కిటికీలు తెరిచి మూసి, కొసల పలకలు పెట్టి తీసి, పొగ ఎటు పోతుందో గీసుకోవాలి. ప్రయోగం ఖర్చు లేనిది, ఫలితం కంటికి కనిపించేది. ఫ్యాను గాలికి పొగ చెదిరిపోతుంది కనుక ఫ్యాను ఆపి చేయాలన్న హెచ్చరిక ఒక్కటి చేతిపుస్తకంలో చేర్చితే బాగుండేది.

ఇంతవరకు కిట్‌తో నాకు పేచీ లేదు. చేతిపుస్తకం రెండో సగానికి వచ్చేసరికి మలయ్ ఇల్లు ఒక ఉదాహరణగా మిగలక, ప్రపంచమంతా అనుసరించవలసిన ఆదర్శంగా మారిపోతుంది. 'ప్రకృతికి అనుకూలమైన ఇల్లు' అనే శీర్షిక కింద తేలికపాటి గోడలు, పెద్ద కిటికీలు, నిరంతర గాలి అని మూడు సూత్రాలు ఇచ్చి, మీ ప్రాంతంలోని ఇళ్లలో ఇవి ఉన్నాయో లేదో మార్కులు వేయమని పట్టిక గీశారు. ఆ పట్టిక ప్రకారం లెక్కిస్తే పాలమూరులోని మట్టి మిద్దెకు సున్నా మార్కులు వస్తాయి. నల్లగొండ పల్లెల్లో మందపాటి గోడలతో నిలిచి ఉన్న గూనపెంకుల భవంతికి కూడా అంతకు మించి రావు. ఇది కేవలం మనసు నొచ్చుకోవడానికి సంబంధించిన విషయం కాదు. పర్యావరణ విద్యగా చూసినా ఇది తప్పు పాఠం.

కారణం వాతావరణంలో ఉంది. కౌలాలంపూర్ భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు మూడు డిగ్రీల మీద ఉంది. అక్కడ ఏడాది పొడవునా పగటి వేడి 32, 33 డిగ్రీల దగ్గర, రాత్రి 24 డిగ్రీల దగ్గర తచ్చాడుతుంది. ఏటా 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. గాలిలో తేమ ఎక్కువ. పగటికీ రాత్రికీ మధ్య తేడా తక్కువ కాబట్టి, రాత్రి చల్లదనాన్ని గోడల్లో దాచుకుని పగలు వాడుకునే అవకాశం అక్కడ స్వల్పం. మనిషికి ఊరట దొరకాలంటే చెమట ఆరాలి, చెమట ఆరాలంటే గాలి కదలాలి. అందుకే బరువైన గోడ అక్కడ భారం, తేలికైన గోడ వరం. పాలమూరు సంగతి వేరు. ఇక్కడ ఏడాది వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేళ వీచే వడగాలి మనిషి ఒంటి వేడి కన్నా ఎక్కువ వేడిగా ఉంటుంది కనుక, నేల దాకా దిగిన కిటికీలు తెరిచి ఆ గాలిని లోపలికి పిలవడం పొయ్యి నోరు ఇంట్లోకి తిప్పడమే. మందపాటి మట్టి గోడ పగటి వేడిని మెల్లగా పీల్చుకుంటుంది. అది లోపలి వైపుకు చేరేసరికి పొద్దు గుంకుతుంది. అప్పటికి మనుషులు మంచాలు తీసుకుని మిద్దె మీదికో వాకిట్లోకో వెళ్తారు, తెరిచిన తలుపులోంచి రాత్రి గాలి గోడలను మళ్లీ చల్లబరుస్తుంది. రెండు ఇళ్లూ తెలివైనవే, కానీ రెండింటి ముందున్న సమస్యలు వేర్వేరు. ఈ కిట్ నిజంగా నేర్పగలిగింది ఈ తేడానే. ఆ తేడాను చూపే పేజీ ఒక్కటీ చేతిపుస్తకంలో లేదు.

అందువల్ల మార్కుల పట్టికను పక్కన పెట్టి, విద్యార్థుల చేత మలయ్ నమూనా పక్కన ఒక మట్టి మిద్దె నమూనాను చేయించాం. దానికి కావలసిన జ్ఞానం పుస్తకాల్లో కాక పిల్లల ఇళ్లలోని పెద్దవారి దగ్గర దొరికింది. దూలాల మీద దంతెలు, అంటే సన్నని అడ్డకర్రలు, పరిచి, వాటిపై పేళ్లూ ఆకులూ కప్పి, తడిపిన మట్టిని దట్టంగా పోసి, అన్నిటికన్నా పైన చౌడు మట్టిని పరచడం మిద్దె కట్టే వరుస. పంటకు పనికిరాని చౌడు నేల మట్టి కప్పు మీద మాత్రం ఎందుకు పనికొస్తుందన్న ప్రశ్నకు విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు చెప్పిన సమాధానం ఏడాది మొత్తంలో అత్యుత్తమ పాఠమని నా అభిప్రాయం. చౌడులోని సోడియం వల్ల బంకమట్టి రేణువులు తడిసినప్పుడు విడివిడిగా చెదిరి సన్నని రంధ్రాలను పూడ్చేస్తాయి, కాబట్టి నీరు కిందికి దిగదు. పొలంలో పంటను చంపే గుణమే కప్పు మీద ఇంటిని కాపాడుతుంది. మధ్యలో వెలుతురు కోసం, పొగ పోవడం కోసం విడిచే గవాక్షిని కూడా పిల్లలు మరిచిపోకుండా పెట్టారు. అది ఉన్న చోటు చూడగానే తెబార్ లాయర్ చేసే పనిలో కొంత భాగాన్ని ఇది చేస్తోందని వారే గుర్తించారు.

కిట్‌లోని రెండు ఉష్ణమాపకాలు ఇక్కడ నిజంగా అక్కరకు వచ్చాయి. చేతిపుస్తకం వాటిని నమూనా ఇంటి లోపల, బయట పెట్టి చదవమంటుంది. అడుగున్నర బొమ్మ ఇంటిలో ఆ కొలతకు పెద్ద అర్థం ఉండదు, ఎందుకంటే గోడ మందం, గది ఎత్తు, కప్పు వైశాల్యం అన్నీ కుదించుకుపోయినప్పుడు వేడి ప్రవర్తన కూడా మారిపోతుంది. ఈ పరిమితిని తయారీదారులు ఎక్కడా చెప్పకపోవడం ఈ కిట్‌కున్న రెండో పెద్ద లోపం. ఉష్ణమాపకాలను పిల్లలకు ఇంటికిచ్చి పంపి, ఒంటిపూట బడులు నడిచే రోజుల్లో మధ్యాహ్నమూ రాత్రి నిద్రకు ముందూ చదివి రాయమన్నాం. మట్టి ఇల్లు, పెంకుటిల్లు, స్లాబు, సిమెంటు రేకుల ఇల్లు అన్నీ ఆ నోటుపుస్తకంలో చేరాయి. మధ్యాహ్నం రేకుల ఇల్లు, రాత్రి స్లాబు ఇల్లు అధ్వానంగా ఉంటాయని అంతకు ముందే ఒంటికి తెలిసిన సంగతిని అంకెల్లో చూడడం పిల్లలకు కొత్త అనుభవం. ఇళ్ల మీద సున్నం పూసిన కప్పులను కూడా పోల్చవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన 2023–28 చల్లని పైకప్పుల (ఎండను తిప్పికొట్టే కప్పుల) విధానాన్ని పాఠంలో చేర్చడానికి ఇదే అనువైన చోటు.

రేకుల దగ్గర మలయ్ గ్రామాలూ పాలమూరు గ్రామాలూ కలుసుకుంటాయి. మలయ్ ఇంటి అసలు కప్పు 'ఆతాప్', అంటే ఉప్పునీటి ఒడ్డున పెరిగే నీపా తాటి ఆకులతో గానీ సాగో తాటి ఆకులతో గానీ కుట్టిన పొరలు. ఆ ఆకు కప్పు వేడిని పట్టి ఉంచుకోదు, కిందికి దిగనివ్వదు. వాన చప్పుడు కూడా వినిపించదు. కాలక్రమంలో ఆకును తరచూ మార్చే శ్రమ భరించలేక అక్కడివారు జింకు రేకులకు మారారు. ఇళ్లు వేడెక్కాయి, వాన కురిస్తే మాట వినపడని పరిస్థితి వచ్చింది. ఇక్కడ కూడా మిద్దె మీద ఏటా చౌడు పోసే ఓపిక, పెంకులు తిరగేసే మనుషులు కరువై సిమెంటు రేకులు వచ్చాయి. చేతిపుస్తకం ఈ మార్పును ఒక్క వాక్యంలో, అది కూడా నిందిస్తున్న ధోరణిలో, ముగించింది. ప్రజలు రేకులను ఎందుకు ఎంచుకున్నారో అడగకుండా వారి ఎంపికను తప్పుపట్టడం పట్నవాసుల అలవాటు. ఆకు కప్పుకు నిప్పు భయం ఉంది, కప్పు మార్చిన ప్రతిసారీ పని దినాలు పోతాయి, బ్యాంకు అప్పు ఇవ్వదు. పర్యావరణ పాఠంలో ఈ లెక్కలకు చోటు లేకపోతే పిల్లలు దాన్ని పెద్దల సుద్దులుగానే వింటారు.

ఇల్లు పెరిగే పద్ధతిని నేర్పే భాగం మాత్రం చాలా బాగుంది. మొదట తల్లి ఇల్లు, వంటిల్లు. తరువాత చేతిలో డబ్బు ఆడినప్పుడు ముందు 'సెరాంబి' అనే వసారా, వెనుక 'సెలాంగ్' అనే నడవ, ఇంకా అవసరమైతే మరో గది. నడవ రెండు కప్పుల మధ్య ఖాళీని ఉంచుతుంది కాబట్టి ఇల్లు ఎంత పెరిగినా మధ్యలో చీకటి గది ఏర్పడదు. 'బుంబుంగ్ పాంజాంగ్' అనే పొడవాటి రెండు వాలుల కప్పు ఈ చేర్పులకు అన్నిటికన్నా అనుకూలం. కిట్‌లోని భాగాలను ఏ క్రమంలోనైనా చేర్చవచ్చు, విద్యార్థులు ఆడుకుంటూ రకరకాల ఇళ్లు తయారుచేశారు. సెరాంబిలో అతిథులు కూర్చుంటారని చెప్పగానే అరుగు ప్రస్తావన దానంతటదే వచ్చింది. పొద్దున దుకాణం, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం ముచ్చట్లు అన్నీ ఒకే అరుగు మీద సాగిన రోజులను గురించి పెద్దలను అడిగి రాసుకొచ్చిన వ్యాసాల్లో కొన్ని నిజంగా చదవదగినవి.

అవశేషాల సంగతి కూడా ఇక్కడే వస్తుంది. మట్టి ఇల్లు కూలితే మట్టి నేలలో కలుస్తుంది. పాత ఊరి దిబ్బల మీది పాటిమట్టిని పొలాలకు తోలుకుని ఎరువుగా వాడే అలవాటు ఈ ప్రాంతపు రైతులకు ఉంది. అంటే ముందు తరాల గోడలు తరువాతి తరాల చేలలోకి చేరుతున్నాయి. మలయ్ ఇల్లు విడిపోయి మళ్లీ ఇల్లవుతుంది, మన మట్టి ఇల్లు కూలి పొలమవుతుంది. కాంక్రీటుకు ఈ రెండు దారులూ దాదాపు లేనట్టే.

నల్లమల వైపు, అమ్రాబాదు ప్రాంతంలో, పాఠశాలలు నడిపే ఉపాధ్యాయులు ఈ కిట్‌ను వాడితే పోలికకు మరింత దగ్గరి ఇల్లు వారి కళ్ల ముందే ఉంది. చెంచు పెంటల్లోని, అంటే చిన్న గూడేల్లోని, గుండ్రని గుడిసె, వెదురు తడికల గోడ, శంఖువు ఆకారపు గడ్డి కప్పు, అడవిలో దొరికే సరుకుతోనే పూర్తయ్యే నిర్మాణం. తేలికైన గోడ, గాలి ఆడే అల్లిక అనే రెండు లక్షణాల్లో మలయ్ ఇంటికి అది చుట్టమే. అయితే అడవి నీడలో ఉండే ఆ గుడిసెను ఎండలో మాడే చదును పొలాల మధ్య కడితే అదే సుఖం దక్కదన్న విషయం కూడా పాఠంలో భాగం కావాలి.

నీడ గురించిన పాఠం చిన్నదే అయినా బాగా పనికొచ్చింది. కౌలాలంపూర్‌లో మార్చి చివరా సెప్టెంబరు మధ్యలోనూ మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి వస్తాడు, మిగతా కాలంలో కొంత ఉత్తరానికో దక్షిణానికో జరుగుతాడు. అందుకే ఇంటికి అన్ని వైపులా చూరు బాగా ముందుకు దిగాలి. మహబూబ్‌నగర్‌లో నీడ మాయమయ్యే రోజులు మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ వస్తాయి. మేలో బడి ఉండదు, ఆగస్టులో మబ్బు ఉంటుంది. అయినా చేతి టార్చితో నమూనా మీద వెలుగు వేసి, ఏ చూరు ఏ కిటికీని కాపాడుతుందో తేల్చుకోవచ్చు.

సామగ్రి నాణ్యత విషయంలో కొంత నిష్ఠురంగా రాయక తప్పదు. స్తంభాలు మెత్తని పైన్ చెక్కతో చేసినవి కాబట్టి విప్పడం, బిగించడం పదే పదే జరిగేసరికి రంధ్రాల అంచులు నలిగి కీళ్లు వదులయ్యాయి. మలయ్ ఇళ్లకు వాడే చెంగల్ కలప బరువుకూ గట్టిదనానికీ ప్రసిద్ధి. దాన్ని బొమ్మకు వాడమని ఎవరూ అడగరు. అది నెమ్మదిగా పెరిగే అడవి చెట్టు, నరికినంత వేగంగా తిరిగి రాదు. కానీ ఆ సంగతినే చేతిపుస్తకం చెప్పాలి కదా! కలప ఇల్లు ప్రకృతికి మేలని రాసిన పుస్తకం ఆ కలప ఏ అడవి నుంచి వచ్చింది, ఎంతకాలానికి పెరిగింది అన్న ప్రశ్నను తాకనే లేదు. ఆకు కప్పు బదులు ఆకు బొమ్మ అచ్చు వేసిన అట్ట ఇచ్చారు. ప్రతి భాగాన్నీ విడివిడి ప్లాస్టిక్ సంచిలో పెట్టి పంపారు. ఆ సంచుల కుప్పను చూసి నవ్వింది పిల్లలే. అట్ట కప్పును తీసేసి తాటాకును సన్నగా చీల్చి, ఈత ఈనెలతో కుట్టి పిల్లలు స్వయంగా కప్పు చేశారు. అది అట్ట కప్పు కన్నా నమ్మదగినదిగా ఉంది, నీళ్లు చల్లినా నిలిచింది. తాటిచెట్లకు కొదవలేని నల్లగొండ జిల్లాలో ఏ పాఠశాల అయినా ఈ పని చేయవచ్చు.

ఆరో తరగతికి లోపు పిల్లలకు ఈ కిట్ నప్పదు. చీలలు మరీ చిన్నవి, కీళ్లు బిగించడానికి ఓపిక కావాలి. ఏడు నుంచి తొమ్మిది వరకు సరిగ్గా సరిపోతుంది. గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం బోధించే ముగ్గురు ఉపాధ్యాయులు కలిసి వాడితే ధరకు తగిన ఫలితం ఉంటుంది. ఒక్కరే వాడితే అది అల్మారాలో అలంకారంగా మిగిలే ప్రమాదం ఎక్కువ. మార్కుల పట్టిక ఉన్న పేజీలను మాత్రం పిల్లలకు ఇవ్వవద్దని గట్టిగా చెబుతాను. వాటి స్థానంలో స్థానిక ఇంటి గోడ మందం, కప్పు, వాకిలి దిక్కు, మధ్యాహ్నపు, రాత్రి ఉష్ణోగ్రతలు రాసుకునే ఖాళీ పేజీలుంటే చాలు. కొత్త ముద్రణలో అలాంటివి చేర్చమని తయారీదారులకు రాశాను, పరిశీలిస్తామన్న జవాబు వచ్చింది. పోయిన చీలలు విడిగా అమ్మడం లేదు కనుక మా ఊరి వడ్ల ఆయన (వడ్రంగి) చేత తుమ్మ కర్రతో చేయించుకున్నాం. పెట్టెలో వచ్చిన వాటికన్నా అవే బిగువుగా కూర్చున్నాయి.